దేవేంద్రప్ప వడగట్టిన పెట్రోలు

దేవేంద్రప్ప ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఆ ఎత్తే అతన్ని మగ్గం దగ్గర్నుంచి మోటారు దగ్గరికి తరిమింది. మా వైపువి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. తండ్రి రామలింగప్ప తన కొలతకు తవ్వుకున్న గుంటలో కొడుకు మోకాళ్ళు పట్టలేదు. ఇంకా లోతు చేద్దామంటే అడుగున బండ తగిలింది. పందొమ్మిదో ఏట అతను ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా పోయి నంద్యాల బస్సులో క్లీనరుగా చేరాడు. తండ్రి రెండేళ్ళు మాట్లాడలేదు. తల్లి ఉరుకుందమ్మ మాత్రం బస్సు వచ్చే వేళకు జొన్నరొట్టెల మూటతో రోడ్డు మీద నిలబడేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. నేనతన్ని మొదట చూసింది 1936లో, కోయిలకుంట్లకు దగ్గరలో ఉన్న మా మిషను ఆసుపత్రిలో. అతను అక్కడికి డ్రైవరుగా వచ్చాడు. నేను కాంపౌండరును, పేరు జ్ఞానరాజు. మందులు కొలవడం, కలపడం నా పని. కొలత గ్లాసు చేతికొచ్చినవాడికి లోకంలో దేన్నయినా కొలవగలననే పొగరు వస్తుంది. నాకూ వచ్చింది. ఈ కథలో నేను చేసిన పని గొప్పది కాదని ముందే చెప్పుకుంటే నాకు కాస్త సుఖంగా ఉంటుంది.

మా డాక్టరమ్మ విశ్వాసమ్మగారు మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి. మాట తక్కువ. ఆసుపత్రికి ఎవరో దాత ఇచ్చిన పాత మోటారు ఉండేది, కాన్వాసు కప్పుది. ప్రతి శుక్రవారం పొద్దున ఆరింటికి ఆమె అందులో పల్లెలకు బయలుదేరేది. కాన్పు కష్టమైందని కబురొస్తే వారం వర్జ్యం చూడకుండా వెళ్ళేది.

మగ్గం ఆడుతున్నప్పుడు పోగు తెగితే పక్క గదిలో ఉన్న నేతగాడికి ఆ చప్పుడులోనే తెలుస్తుందట. దేవేంద్రప్ప యంత్రాన్ని అలా వినేవాడు. బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "మూడోది సరిగా కొట్టడంలేదప్పా" అనేవాడు. ప్లగ్గు తీసి చూస్తే మసి పట్టి ఉండేది. నాకు ఇంజను సిలిండర్లలో మూడోది ఏదో, నాలుగోది ఏదో తెలియదు. కానీ ఒక డ్రైవరుకు ఇంత తెలియడం నాకు కొంచెం కడుపుమంటగానే ఉండేదని ఒప్పుకోవాలి.

పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. అందులో తుప్పు ఉంటుంది, అడుగున నీటి చెమ్మ ఉంటుంది. అందుకని గరాటులో మెత్తటి తోలు ముక్క పరిచి, దాని మీదుగా పోసేవాడు. ఆ తోలు చిత్రమైనది. పెట్రోలును దిగనిస్తుంది, నీటిని పైనే ఆపేస్తుంది. మద్రాసు నుంచి వచ్చిన ఆ తోలు 1942లో దీపావళి దాటాక చినిగిపోయింది. యుద్ధం రోజులు. పెట్రోలే కూపన్ల మీద వస్తుంటే తోలు ముక్క ఎవరు పంపుతారు?

ఆ వారమే ఉరుకుందమ్మ ఒక కొత్త గుడ్డ తెచ్చి ఇచ్చింది. అంతకుముందు ఏడాది డాక్టరమ్మ ఆమె కంటి పొర తీసి చూపు ఇచ్చింది. అప్పట్నుంచీ ఆమె బుధవారం బుధవారం కన్ను చూపించుకునే నెపంతో వచ్చి, దోసకాయలో సజ్జలో ఏదో ఒకటి ఇచ్చిపోయేది. ఈసారి తెచ్చింది గజం గుడ్డ. అంతకు ముందు రోజే మగ్గం మీంచి కోసింది, మడత విప్పితే పెళపెళమంది.

"పాతగుడ్డ సాలు గదమ్మా, నూనె పనికి," అన్నాడు కొడుకు.

"డాక్టరమ్మ బండికి పాతగుడ్డ ఇస్తానా? వాడిన గుడ్డ ఇంకొకరి పనికిస్తే మగ్గానికి మర్యాదేముండాది?" అని ఆమె కసిరింది.

వాళ్ళ ఇళ్ళలో అది పట్టింపు. పేదవాడికి ఇచ్చినా కొత్తదే ఇస్తారు, నీళ్ళు తగలనిది ఇస్తారు. దేవేంద్రప్ప ఆ గుడ్డను కళ్ళకద్దుకుని గరాటుకు కట్టాడు.

డిసెంబరు వచ్చింది. మా వైపు చలి నెల్లాళ్ళ ముచ్చట. కానీ ఆ నెలలో కుందూ ఏటి మీద నుంచి మంచు దిగితే పొద్దున ఎనిమిది దాకా ఎదుటి మనిషి కనపడడు. సరిగ్గా అప్పుడే మోటారు మొండికేసింది. బండి ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే దగ్గుతుంది, వణుకుతుంది, ఆగిపోతుంది. అరగంట తిప్పినా అంతే. పదింటికి ఎండ తగిలాక మాత్రం, ఏమీ ఎరగనట్టు రెండు తిప్పులకే లేస్తుంది.

"సలికప్పా. మనుషులకే కాళ్ళు లేస్తా లేవు," అని కాపలాదారు కంబన్న తీర్పు ఇచ్చేశాడు. రాత్రుళ్ళు గోనెపట్టాలు కప్పమన్నాడు. నిమ్మకాయ కట్టమన్నాడు. దేవేంద్రప్ప గోనెపట్టాలు కప్పాడు. నిమ్మకాయ కూడా కట్టాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక.

తర్వాత తన పద్ధతిలో వెతికాడు. చలికి ఇంజను ఆయిలు చిక్కబడి తిరగనివ్వడం లేదేమోనని, సాయంత్రం ఆయిలు దించి, పొద్దున పొయ్యి మీద వేడి చేసి పోశాడు. హ్యాండిలు తేలిగ్గా తిరిగింది, బండి మాత్రం లేవలేదు. ప్లగ్గులు విప్పి నిప్పుల మీద కాచి బిగించాడు. ప్లగ్గు తీగను ఇనుముకు దగ్గరగా పట్టి తిప్పించాడు, నీలం రవ్వ ఠప్పుమని దూకింది. రవ్వ ఉంది, ఇంజను తిరుగుతోంది. ఇక మిగిలింది పెట్రోలు. కార్బొరేటరు అని ఒక ఇత్తడి గిన్నె ఉంటుంది. పెట్రోలు అందులోకి చేరి, సూదిమొనంత రంధ్రం గుండా గాలిలో కలిసి లోపలికి పోతుంది. దాన్ని ఊడదీసి, పెట్రోలుతోనే రెండుసార్లు కడిగి, ఊది, వెలుతురుకు పెట్టి చూశాడు. అద్దంలా ఉంది. మళ్ళీ బిగించాడు. పొద్దున మళ్ళీ అదే దగ్గు.

"పోయినేడు సలి లేదా? పోయినేడు ఒక్క దినమన్నా ఆగలేదే," అని తనలో తను అనుకోవడం నేను విన్నాను. ఆ మాటను నేను పట్టించుకోలేదు. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది.

జనవరి మొదటి సోమవారం, తెల్లవారి ఆరున్నరకు సంజామల వైపు పల్లె నుంచి కాన్పు కబురు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందట. దేవేంద్రప్ప ముప్పావు గంట హ్యాండిలు తిప్పాడు. అరచేతులు చిట్లి హ్యాండిలుకు నెత్తురంటింది. డాక్టరమ్మ ఇంక ఆగలేక ఎద్దుల బండి కట్టించుకుని వెళ్ళింది. పదకొండు మైళ్ళు. ఆమె చేరేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. సాయంత్రం తిరిగొచ్చి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

ఊరంతా అదే మాట. మోటారు లేవనందుకు బిడ్డ పోయిందన్నారు. ఉరుకుందమ్మ కూడా ఆ మాట విని, కొడుకును పట్టుకుని ఏడ్చిందట.

మరుసటి రోజు నేను తెలివి చూపించాను. దేవేంద్రప్ప భోజనానికి వెళ్ళినప్పుడు మోటారు ట్యాంకు అడుగున ఉన్న బిరడా వదులు చేసి, నా కొలత గ్లాసులో నాలుగు ఔన్సులు పట్టాను. కాసేపటికి పెట్రోలు పైకి తేలింది. అడుగున అర ఔన్సు నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళు తేటగా కూడా లేవు, కుడితి రంగులో ఉన్నాయి. నేను ఆ గ్లాసును డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

"పెట్రోలులో నీళ్ళు కలిశాయమ్మా," అన్నాను.

ఎవరు కలిపారో నేను చెప్పలేదు. డబ్బాల గది తాళం ఎవరి మొలతాడుకు వేలాడుతోందో ఆమెకు తెలుసు. కూపను పెట్రోలు దొంగచాటుగా అమ్ముకుని, తరుగు నీళ్ళతో నింపే డ్రైవర్ల కబుర్లు ఆ ఏడాది ఊరూరా ఉన్నాయి. పేరెత్తకుండా వేలు చూపించడం చదువుకున్నవాళ్ళకు బాగా అబ్బిన విద్య.

బుధవారం ఆమె అతన్ని పిలిపించింది. నేను నా గదిలో ఉన్నాను, మధ్యలో తడిక మాత్రమే.

"దేవేంద్రప్పా, పెట్రోలులో నీళ్ళున్నాయి. ఎట్లా వచ్చాయో నీకే తెలియాలి. ఎల్లుండి శుక్రవారం ఆరింటికి బండి లేవాలి. లేవకపోతే తాళాలు ఇచ్చేసి వెళ్ళిపో. ఎందుకు పంపించానని ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పను."

తర్వాత అతని గొంతు వినిపించింది. "నీళ్ళుండాయని ఎవరు సూసినారమ్మా?"

"చూసినవాళ్ళు చూశారు."

అతను బయటికి వచ్చి నా గది గుమ్మంలో ఆగాడు. నా వైపు చూడలేదు. కడిగి బోర్లించిన కొలత గ్లాసు వైపు చూశాడు. గ్లాసును సబ్బుతో తోమినా పెట్రోలు వాసన మూడు రోజులు పోదు. గాలి పీల్చి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

దొంగ అన్న పేరుతో బయటికి పోతే ఏ బస్సు యజమానీ అతనికి తాళం ఇవ్వడు. ఇంట్లో తండ్రి చనిపోయి మూడేళ్ళు, మగ్గం మీద తమ్ముడు కూర్చున్నాడు, గుంట అడుగున బండ అలాగే ఉంది. వీటన్నిటి కంటే, దొంగ కొడుకు తల్లిగా ఉరుకుందమ్మ ఇక బుధవారాలు ఈ ఆసుపత్రి గుమ్మం ఎక్కలేకపోతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.

గురువారం తెల్లవారి మంచులో అతను మళ్ళీ కార్బొరేటరు ఊడదీశాడు. గిన్నెను పెట్రోలుతో కడిగి బండి ఎక్కే మెట్టు మీద పెట్టి, ఇంజను గొట్టానికి గుడ్డ చుట్టి, మా మందుల పొయ్యి మీంచి వేణ్ణీళ్ళ కెటిలు తెచ్చి పోస్తున్నాడు. గొట్టం వేడెక్కితే బండి లేస్తుందేమోనని ఆశ. నేను వరండాలో పళ్ళు తోముకుంటున్నాను. కెటిలు నీళ్ళు కొన్ని చింది ఆ ఇత్తడి గిన్నెలో పడ్డాయి. అతను విసుక్కుంటూ వేలితో తుడవబోయి ఆగిపోయాడు.

వేలూ బొటనవేలూ కలిపి రుద్దాడు. విడదీశాడు. మళ్ళీ కలిపాడు. ఆ రెంటి మధ్య సన్నటి జిగురు తీగ సాగింది. నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏం నాకుతాండావప్పా?" అన్నాను, ఉండబట్టలేక.

"గంజి."

"ఏం గంజి?"

"తాగే గంజి గాదు. పడుగుకు పట్టించే గంజి. నా నోట్లో పాలపండ్లున్నప్పట్నుంచీ ఈ రుచి ఎరుగుదును."

మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులు పడుగు. తెగకుండా వాటికి గంజి పట్టించాకే నేత మొదలవుతుంది. ఆ ఇంట్లో ఆ పని ఉరుకుందమ్మది. నీళ్ళు తగలని కొత్త గుడ్డలో ఆ గంజంతా అలాగే ఉంటుంది. పెట్రోలు పోసినప్పుడల్లా పొడి పొడిగా రాలి లోపలికి పోయింది. తోలు లేదు కనుక చెమ్మ కూడా దిగి దానికి తోడైంది. రెండూ కలిసి ఆ సూదిమొన రంధ్రం చుట్టూ పొర కట్టాయి. మోటారు మెకానిక్కులు దేన్నయినా పెట్రోలుతోనే కడుగుతారు. గంజి పెట్రోలుకు కరగదు. అందుకే అతను ఎన్నిసార్లు కడిగినా అది గాజు పొరలా కనపడకుండా ఉండిపోయింది. వేణ్ణీళ్ళు తగిలితేనే బయటపడింది.

"మరి ఎండెక్కితే ఎట్ల లేస్తాండాది?" అని అడిగాను.

"సలిలో ఇంజనుకు పెట్రోలు దండిగా కావాలప్పా. బొక్క సగం మూసుకుంటే సాలదు. ఎండెక్కితే ఆ కొంచెంతోనే అంటుకుంటాది. సలీ, గుడ్డా ఒకేసారి వచ్చె. నేను సలినే తిట్టుకుంటా కూసుంటి."

అలా చెబుతూ చెబుతూ అతను ఆగాడు. ఆ గుడ్డ ఎవరిచ్చారో అప్పుడు గుర్తొచ్చింది. మోటారు మెట్టు మీద కూలబడ్డాడు. ఉద్యోగం నిలిచింది, పేరు నిలిచింది. ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

డాక్టరమ్మ వచ్చి గిన్నె చూసింది. అతను చెప్పింది విని, "జ్ఞానరాజూ, టింక్చరు అయోడిన్ తీసుకురా," అంది.

గంజి మీద ఆ మందు చుక్క పడితే నల్లటి నీలంగా మారుతుంది. కాంపౌండరు పరీక్షలో నేను రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు అది. ఆమె ఒక చుక్క వదిలింది. ఇత్తడి గిన్నె అడుగున నేరేడు పండు చిదిపినట్టు నీలం పరుచుకుంది. నా గ్లాసు అడుగున కుడితి రంగు నీళ్ళు నిలిచిన రోజున, ఆ సీసా నా చెయ్యి చాపితే అందే అరలోనే ఉంది. ఒక్క చుక్క వేసి ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు. దొంగ దొరికాడనుకున్నాక మందు ఎందుకు తోస్తుంది? సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"నేను తొందరపడ్డాను, దేవేంద్రప్పా," అంది డాక్టరమ్మ. "మీ అమ్మకు నేను చెబుతాను. ఉతికిన గుడ్డ ఇమ్మని అడుగుదాం."

"వద్దమ్మా." అతను లేచి నిలబడ్డాడు. "ఆ సంజామల బిడ్డ సంగతి మాయమ్మకు తెలుసు. తన గంజి వల్లనే అంతపని జరిగిందంటే ఆమె మళ్ళ పడుగు ముట్టదు. తిండి గూడా ముట్టదు. సలికే బండి లేయలేదని అనుకోనీయండి."

ఆమె తలూపింది. నేనూ ఊపాను, నన్నెవరూ అడగకపోయినా.

ఆ పగలంతా అతను ట్యాంకూ గొట్టాలూ గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఎండకు ఆరబెట్టాడు. ఇనుప సూది పెడితే రంధ్రం పెద్దదవుతుందని, ఇంటికి పోయి, తల్లి గంజి పట్టించే కుంచెలోంచి ఒక సన్నటి పుల్ల లాక్కొచ్చి, దాంతో పొర వదిలించాడు. సాయంత్రం నేను నా పెళ్ళినాటి పంచె చింపి తెచ్చి ఇచ్చాను. పదకొండేళ్ళు చాకలి బండ మీద ఉతికింది, అందులో గంజి మచ్చుకు కూడా లేదు. అతను దాన్ని రెండు మడతలు వేసి, పెట్రోలును డబ్బాలోనే ఒక రాత్రి కదలకుండా ఉంచి, అడుగు చెమ్మ వదిలేసి, పైదంతా వడగట్టాడు.

శుక్రవారం ఆరింటికి మంచు ఎప్పటికంటే దట్టంగా ఉంది. రెండో తిప్పుకే బండి లేచింది. డాక్టరమ్మ పెట్టె లోపల పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాతి బుధవారం ఉరుకుందమ్మ వచ్చింది. ఆవరణ నిండా రోగులు. కొడుకు పెట్రోలు పోస్తున్న చోటికి పోయి, డాక్టరమ్మ ఇచ్చిన చూపుతో గరాటు వైపు చూసింది.

"ఇదేం గుడ్డరా? నేనిచ్చిన కొత్తగుడ్డ యాడ?"

దేవేంద్రప్ప నోరు తెరిచాడు. అబద్ధమాడడం అతనికి చేతకాదు. ఆమె ముఖంలో అనుమానం మొలవడం నాకు కనిపించింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆమె గుడ్డ నుంచి బండికి, బండి నుంచి బిడ్డకు పోయేలా ఉంది.

"నేను తీసుకున్నా అవ్వా," అన్నాను.

"నువ్వా? ఏమిటికి?"

"బాగుండాది గదా అని. మా ఇంటామెకు రైక కుట్టించినా. దాని బదులు నా పాత పంచె పెట్టినా."

ఆ తర్వాత ఆమె అన్న మాటలన్నీ రాయను. ఆసుపత్రి బండికి ఇచ్చిన గుడ్డ పెళ్ళానికి రైక కుట్టించిన మొగోణ్ణి ఈ తాలూకాలోనే చూడలేదంది. "సదువుకున్నోడివి, ఏసుసామి గుడికి పోతావు. పక్కోని సొమ్ము మీద చెయ్యేస్తివే, దీన్ని దొంగతనమంటారా, ఇంకేమన్నా అంటారా?" అని నలభై మంది రోగుల ముందు నిలదీసింది. కంబన్న వింటున్నాడు. కిటికీలోంచి డాక్టరమ్మ కూడా వింటోంది. ఆమె కిటికీ మూయలేదు, బయటికీ రాలేదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. తప్పు చెయ్యని మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆ రోజు తెలిసింది.

దేవేంద్రప్ప అడ్డం రాలేదు. పెట్రోలు చివరి చుక్క దాకా వంచి, గరాటు తీసి, ట్యాంకు మూత బిగించాడు. తల్లి కొంత దూరం వెళ్ళాక, చేతులు తుడుచుకుంటూ నా పక్కగా పోతూ అన్నాడు.

"ఇప్పుడు సరిపోయిందప్పా."

ఆ తర్వాత కూడా ఉరుకుందమ్మ ఆసుపత్రికి వచ్చేది. 1947 ఎండాకాలంలో చనిపోయేదాకా వచ్చింది. ఎప్పుడు వచ్చినా, నేను ఎదురుపడితే చేతిలోని మూటను కొంగు కిందికి లాక్కునేది.